ట్రాక్టరు సంరక్షణము, మరమ్మతు, పొడిగింపు వారంటీ: సభ్యులకొక పాఠము

ఎద్దునకు ఆకలియైనచో అది రైతును చూచి అంబా యనును. కాలు నొచ్చినచో కుంటును. యంత్రమునకు నోరు లేదు. దాని బాధ బయటపడునప్పటికి తరచుగా కాలము మించిపోయి యుండును. కారేపల్లి ప్రాంతమున చెలక నేలలలో పత్తి, మొక్కజొన్న, మిరప సాగగుచున్నవి; చెరువుల క్రింద వరి పండుచున్నది. ఈ పనులకెల్ల నేడు ట్రాక్టరే ఆధారము. మృగశిర, ఆరుద్ర కార్తెలలో బండి ఒక్కవారము షెడ్డులో నిలిచినచో ఆ నష్టము మరమ్మతు ఖర్చుతో పోదు. అదను తప్పిన పంట రూపమున ఏడాదియంతయు వెంటాడును. బండి అప్పు మీది కిస్తీ మాత్రము ఆగదు.

కావున ప్రతి సభ్యుడును మూడు సంగతులను చక్కగా నెరుంగవలెను. బండి ఏల చెడును? వారంటీ యనగా నేమి? అదనపు సొమ్ము కట్టి వారంటీని పొడిగించుకొనుట లాభమా, నష్టమా?

1. బండి చెడుటకు మూలములు

మొదటి శత్రువు దుమ్ము. ఎండాకాలపు దుక్కిలో ఇంజను గాలితో పాటు ఎర్రదుమ్మును పీల్చుకొనును. నూనెగిన్నె గల ఎయిర్ క్లీనరులో గాలి నూనె మీదుగా పోవుటచే దుమ్ము దానికి అంటుకొని నిలిచిపోవును. గిన్నె అడుగున బురద పేరుకొన్నచో దుమ్ము లోపలికి పోయి సిలిండరును, పిస్టను రింగులను ఆకురాయివలె అరుగదీయును. అటుపిమ్మట ఇంజను నూనె త్రాగును; పొగ నీలిరంగున వచ్చును. నల్లపొగ వచ్చినచో గాలి చాలకుండుటయో, డీజిలు మితిమీరి పడుటయో, బండిపై బరువు అధికమగుటయో కారణమని తెలియవలెను. కాగితపు ఫిల్టరు గల బండ్లలో దానిని నీటితో గాని డీజిలుతో గాని కడుగరాదు. మెల్లగా తట్టి దులిపి, చెడినపుడు మార్చవలెను.

రెండవ శత్రువు నీరు. ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనమునకు ఆవిరి నీరై డీజిలులో కలియును. అందుచే పని ముగిసిన సాయంకాలమే ట్యాంకు నింపుట మేలు. దమ్ముచక్రములు తగిలించి బురదలో దున్నినపుడు ఇరుసుల సీళ్లగుండ నీరు లోనికి పోవచ్చును. దమ్ము ముగియగనే వెనుక ఇరుసు నూనెను చూడవలెను. అది పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని నిశ్చయము. ఆ నూనెతో ఒక్కదినమైనను నడుపక వెంటనే మార్పించవలెను.

మూడవది అశ్రద్ధ. క్లచ్చి పెడలు మీద కాలు మోపి నడుపుట, వేడెక్కిన రేడియేటరు మూతను తీయుట, దమ్ముచక్రములతో తారురోడ్డు మీద పోవుట, ట్రాలీలో మితిమించి పత్తి బోరెములు నింపుట, ఇవన్నియు చేజేతుల కొనితెచ్చుకొను నష్టములు. మిరపబస్తాలతో ఖమ్మము మార్కెటునకు పోవునపుడు రెండు బ్రేకు పెడళ్లను కలిపి కొక్కెము వేయవలెను. ఒకవైపు బ్రేకు మాత్రమే పట్టినచో బండి తిరుగబడును.

2. వేళకు చేయవలసిన పనులు

ప్రతిదినము: ఇంజను నూనె మట్టము, రేడియేటరు నీరు, ఎయిర్ క్లీనరు, టైర్ల గాలి చూడవలెను. గ్రీజు పెట్టవలసిన చోట్ల పెట్టవలెను. దుమ్ములో గాని బురదలో గాని పనిచేసిన దినమున ఇది తప్పనిసరి.

ప్రతివారము: బ్యాటరీ నీరు, ఫ్యాను బెల్టు బిగువు, చక్రముల బోల్టులు, డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీరు చూడవలెను. రోటవేటరు గల వారు దాని గేరు నూనెను, కత్తుల బోల్టులను గూడ చూడవలెను.

గంటల మీటరును బట్టి: క్రొత్త బండికి మొదటి సర్వీసు సాధారణముగా 50 గంటలకు వచ్చును. పిమ్మట నూనె, ఫిల్టర్లు ఎన్ని గంటలకు మార్చవలెనో బండితో ఇచ్చిన పుస్తకములో నుండును. బండికి బండికి అది మారును గనుక పొరుగువాని మాటకంటె ఆ పుస్తకమే ప్రమాణము. చదువనేరని సభ్యులు ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత దానిని చదివించుకొనవలెను.

3. వారంటీ యనగా నేమి?

తయారీలో గల లోపముచే భాగము చెడినచో కంపెనీ తన ఖర్చుతో దానిని బాగుచేయుదునని యిచ్చు వాగ్దానమే వారంటీ. ఇది బీమా కాదు. ప్రమాదము, దొంగతనము, అగ్ని బీమా క్రిందికి వచ్చును. వారంటీ క్రిందికి రావు. రోడ్డున నడచు బండికి ఇతరుల నష్టమునకు గాను చేయవలసిన బీమా చట్టప్రకారము తప్పనిసరి. వారంటీ ఉన్నదని దానిని మానరాదు.

సాధారణముగా అరుగుటకే యున్న భాగములు, అనగా క్లచ్చి ప్లేటు, బ్రేకు లైనింగులు, ఫిల్టర్లు, బెల్టులు, రబ్బరు సామాను, వారంటీలో చేరవు. టైర్లకు, బ్యాటరీకి వాని తయారీదారుల వారంటీ వేరుగా నుండును. ఆ చీటీలను గూడ భద్రపరచవలెను.

వారంటీకి రెండు హద్దులు కలవు: ఇన్ని సంవత్సరములు, లేక ఇన్ని గంటలు, ఏది ముందు వచ్చిన అదియే అంతము. ఇది చాలమంది గమనింపరు. ఉదాహరణకు మూడు సంవత్సరములు లేక 2,000 గంటలు అని యున్నదనుకొందము. సొంతసేద్యమునకు మాత్రమే ఏటా 400 గంటలు నడుపువానికి మూడేండ్లలో 1,200 గంటలే యగును. వానికి సంవత్సరములే హద్దు. కిరాయికి ఏటా 1,200 గంటలు త్రిప్పువానికి ఇరువది నెలలకే 2,000 గంటలు నిండి వారంటీ ముగియును. పేరునకు మూడేండ్లు, అనుభవమునకు ఇరువది నెలలు.

4. పొడిగింపు వారంటీ లెక్క

బండి కొనునాడే, మరికొంత సొమ్ము కట్టిన ఇంకను కొన్ని యేండ్లు వారంటీ వచ్చునని చెప్పుదురు. దీనిని మంచిదనియు చెడ్డదనియు ఒక్కమాటలో చెప్పరాదు. ఈ ప్రశ్నలు వేసి చూడవలెను.

మొదటిది: గంటల హద్దు పెరుగుచున్నదా, లేక సంవత్సరములు మాత్రమేనా? కిరాయి బండికి సంవత్సరములు మాత్రమే పెంచినచో లాభము లేదు. రెండవది: ఏ భాగములు చేరినవి? ఇంజను, గేరుపెట్టె, హైడ్రాలిక్కు పంపు వంటి పెద్దఖర్చు భాగములు చేరనిచో అది పేరునకు మాత్రమే. మూడవది: కూలి ఖర్చు, బండిని షెడ్డునకు చేర్చు ఖర్చు ఎవరిది? నాలుగవది: బండిని అమ్మినచో క్రొత్త యజమానునకు వర్తించునా?

అయిదవది సొమ్ము లెక్క. పొడిగింపునకు 25,000 రూపాయలనుకొని, దానిని బండి అప్పులో కలిపి, నూటికి 11 వడ్డీతో ఏటా 5,000 అసలు చొప్పున అయిదేండ్లలో తీర్చినచో వడ్డీయే 8,250 రూపాయలగును. అనగా చేతినుండి పోవునది 33,250. రొక్కముగా కట్టగలిగినచో కట్టవలెను. అప్పులో కలుపుట తగదు.

నోటిమాటను నమ్మరాదు. అమ్మువాడు చెప్పిన ప్రతి షరతును కాగితము మీద వ్రాయించి, ముద్ర వేయించి తీసికొనవలెను.

5. బయటి మిస్త్రీ చేత చేయించిన వారంటీ పోవునా?

కంపెనీ షెడ్డు దూరము. ఊరి మిస్త్రీ దగ్గర. ఈ సందేహము అందరికిని కలదు. మోటారుకార్ల విషయమున 25 ఆగస్టు 2014న భారత పోటీ కమిషను ఒక ముఖ్యమైన తీర్పు చెప్పెను. విడిభాగములను బయట అమ్మనీయక, స్వతంత్ర మిస్త్రీలను అడ్డగించినందులకు పదునాలుగు కార్ల కంపెనీలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించెను. దానిపై అప్పీళ్లు నడచినవి. బయట మరమ్మతు చేయించినంతమాత్రమున వారంటీ మొత్తము రద్దగునను షరతు పెట్టరాదని ఆ తీర్పులోని భావము. అయితే బయటి మిస్త్రీ తప్పుపనిచే నష్టము కలిగినచో కంపెనీ బాధ్యురాలు కాదు.

ఈ తీర్పు కార్లకు సంబంధించినది. ట్రాక్టరు యజమానుడు ముందుగా తన వారంటీ పుస్తకములోని షరతులను చదువవలెను. వారంటీ యున్నంతకాలము వేళకు సర్వీసులు కంపెనీ షెడ్డులో చేయించి, పుస్తకములో ముద్ర వేయించుకొనుట క్షేమము. 2022లో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కునకై ఒక సంఘమును నియమించి, వ్యవసాయ యంత్రములను అందు ముఖ్యమైన రంగములలో చేర్చెను. అమెరికాలో కొలరాడో రాష్ట్రము 2023లో రైతులు తమ యంత్రములను తామే బాగుచేసికొను హక్కును చట్టముగా చేసెను. అచ్చటి పెద్దబండ్లలో కంప్యూటరు తాళములుండుటచే ఆ పోరాటము వచ్చినది.

6. అన్యాయము జరిగినచో

రైతు వినియోగదారుడే. మన తెలుగు రైతులు విత్తనముల విషయమున జాతీయ విత్తన సంస్థపై తెచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2012 జనవరిలో దీనిని స్థిరపరచెను. తన జీవనమునకై తాను స్వయముగా నడుపుకొను బండి కిరాయికి తిరిగినను ఆ హక్కు పోదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, సరకునకు చెల్లించిన వెల 50 లక్షలు మించనిచో జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల వరకు రుసుము లేదు. 5 నుండి 10 లక్షల వరకు 200 రూపాయలు. నష్టము కలిగిన రెండేండ్లలోపల దాఖలు చేయవలెను. ముందుగా 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసి సలహా పొందవచ్చును.

వీనికన్నిటికిని రసీదులే ప్రాణము. 22 సెప్టెంబరు 2025 నుండి ట్రాక్టర్లపై జీఎస్టీ నూటికి 12 నుండి 5కును, ట్రాక్టరు టైర్లు, పెక్కు విడిభాగములపై 18 నుండి 5కును తగ్గినది. బిల్లు లేకుండ కొన్నవానికి ఈ తగ్గింపు దక్కినదో లేదో తెలియదు. నకిలీ భాగమని నిరూపించుటకును ఆధారముండదు.

7. సంఘముగా చేయదగినది

పండ్రెండుగురు బండి యజమానులు నెలకు 300 చొప్పున వేసినచో ఏటికి 43,200 రూపాయలగును. ఈ సొమ్ము ఒక ఇంజను మొత్తమును మార్చుటకు చాలదు, చాలునని మోసపోరాదు. కాని దానితో ఫిల్టర్లు, సీళ్లు, బెల్టులు ముందుగా కొని ఉంచవచ్చును. కార్తె సమయమున ఖమ్మమునకు పరుగెత్తు పని తప్పును. మిగిలిన దానిని దానముగా గాక, పంట రాగానే తీర్చునట్లు చిన్న మరమ్మతు అప్పులుగా ఇయ్యవలెను. ఎవరి బండికి ఏ భాగము ఎన్ని గంటలకు చెడినదో ఒక పుస్తకమున వ్రాసినచో, క్రొత్తగా కొనువారికి అంతకంటె మంచి సలహా లేదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983 నుండి కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ఊరినుండి ఒక యువకుని శిక్షణకు పంపిన పదిబండ్లకు మేలగును.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మీ బండి మీటరు నేడు ఎన్ని గంటలు చూపుచున్నది? వారంటీ ఎన్ని గంటలకు ముగియును?

2. పొడిగింపు వారంటీ తీసికొన్నవారు ఏ యే భాగములు చేరినవో చెప్పగలరా?

3. గడచిన వానకాలమున ఎన్ని దినములు బండి నిలిచినది? అందులో అశ్రద్ధచే నిలిచినవెన్ని?

ప్రతి సభ్యుడును వచ్చు సభకు వారంటీ పుస్తకమును, రసీదులను వెంట తెచ్చి చదివించుకొన ప్రార్థితులు.