గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్టు – పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ వంటి పారిశ్రామిక ప్రాంతములలోను, పట్టణముల శివారున గల పెద్ద గిడ్డంగులలోను మన గ్రామముల యువకులు అనేకులు పనిచేయుచున్నారు. వెనుక హమాలీలు భుజములపై మోసిన సరకును అట్టి చోట్ల ఫోర్క్‌లిఫ్టు అను బండి ఎత్తి పేర్చుచున్నది. పిల్లవానికి పని దొరికినదని వినగానే జీతమెంత అని అడుగుదుము. ఆ బండి నడుపుటకు శిక్షణ ఇచ్చిరా అని అడుగుట మాత్రము మరతుము. అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ బండి మన పెద్దలెరిగిన ఏతము వంటిది. ముందున్న రెండు ఇనుప ఫోర్కులపై సరకు, వెనుక పెద్ద ఇనుప దిమ్మ. నడుమ ముందు చక్రములే ఏతపు స్తంభము. సరకు బరువు మించినను, ఫోర్కుల కొసకు జరిగినను వెనుక చక్రములు పైకి లేచును. ఎంత దూరమున ఎంత బరువు ఎత్తవచ్చునో బండికి బిగించిన రేకుపై వ్రాసియుండును. 2 టన్నుల బండిపై 50 కిలోల బస్తాలు 40 పేర్చినచో సరిగా 2 టన్నులు. క్రింది చెక్కబల్ల బరువుతో పరిమితి దాటినట్లే.

నడుపునపుడు ఫోర్కులు నేలకు 15 – 20 సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే ఉండవలెను. సరకు పైకెత్తి మలుపు తిరుగరాదు. వెనుక చక్రములు తిరుగు బండి కావున మలుపులో దాని వెనుక భాగము ప్రక్కకు విసురుగా వచ్చును. ప్రక్కన మనిషి ఉండరాదు. సరకుతో వాలు ఎక్కునపుడు ముందునకు, దిగునపుడు వెనుకకు నడుపవలెను. ఎత్తిన సరకు క్రింద ఎవరును నిలువరాదు. ఫోర్కులపై మనిషిని ఎక్కించి పైకెత్తుట ఎన్నడును కూడదు.

బండి ఒరిగినపుడు దూకవలెనని ఎవరికైనను తోచును. అదియే ప్రాణాంతకము. దూకినవానిపై బండి పైకప్పు చట్రము పడును. ముందే బెల్టు కట్టుకొని, స్టీరింగును గట్టిగా పట్టి, కాళ్లు బిగబట్టి, ఒరుగు వైపునకు ఎదురుదిక్కుగా వాలి, ఆసనముననే ఉండవలెను. ఈ సంగతి ముందే నేర్పనిచో ఆ క్షణమున ఎవరికిని స్ఫురింపదు.

పంచాయతీ సభ్యులకు మా విన్నపము: మీ గ్రామ పరిధిలో గిడ్డంగి గాని, మిల్లు గాని ఉండి అందు ఈ బండి నడచుచున్నచో, యజమానితో మాటాడి ఈ ప్రశ్నలు వేయుడు. నడుపువాడు శిక్షణ పొందెనా? అతనికి 18 ఏండ్లు నిండినవా? కాలినడక దారిని గీత గీసి వేరుచేసిరా? ప్రతి ఉదయము బ్రేకులు, గొలుసులు, టైర్లు చూచుచున్నారా? పని ముగిసిన పిమ్మట ఫోర్కులను నేలకు దించి తాళము తీయుచున్నారా? మూసిన గదిలో డీజిలు బండి పొగ నిలువకుండ గాలి ఆడుచున్నదా?

బయట పనికి పోవు యువకులకును ఈ ప్రశ్నలను గ్రామసభలో వినిపింపుడు. నేర్పని బండిని నడుపుమన్నచో, నేర్పిన పిమ్మటనే ఎక్కెదనని చెప్పు ధైర్యము వారికి మీ మాట వలన కలుగవలెను.