మ వత్తు ఎక్కడ పోయింది?

నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఒక చిన్న ప్రెస్సులో స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకుంటున్న రోజులవి. వానాకాలం. శుభలేఖ మీద 'పద్మ' అని పడాల్సిన పెళ్లికూతురు పేరు 'పద' అని పడింది. కంగారులో ఇంకు లాగే స్క్వీజీని మరింత నొక్కాను, ఇంకు పలచబడేందుకు రెడ్యూసర్ ఇంకాస్త పోశాను, స్క్రీన్ తుడిచాను. అన్నీ ఒక్కసారే. వత్తు రాలేదు సరికదా, పక్క అక్షరాలూ అలుక్కుపోయాయి.

పని నేర్పే ఉస్తాద్ కోప్పడలేదు. స్క్రీన్‌ను కిటికీకి ఎదురుగా ఎత్తి చూడమన్నారు. వత్తు ఉండాల్సిన చోట వెలుగు రావడం లేదు. తప్పు అప్పటిది కాదు, ముందురోజు స్క్రీన్ తయారుచేసినప్పటిది.

స్క్రీన్‌కు బిగించిన సన్నని జాలీ, అంటే మెష్ మీద ఎమల్షన్ అనే పూత పూసి, వెలుగు తగలనిచోట ఆరబెట్టి, ఫిల్మ్ పెట్టి వెలుగు చూపిస్తాం. వెలుగు తగిలిన పూత గట్టిపడుతుంది. ఫిల్మ్ మీద నల్లటి అక్షరం ఉన్నచోట మెత్తగానే ఉండి, కడిగితే పోతుంది. ఇంకు దిగేది ఆ దారినే. వెలుగు ఎక్కువైతే సన్నని గీతలు మూసుకుపోతాయి, తక్కువైతే పూతే ఊడిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో పైకి ఆరినట్టే ఉండి లోపల తడి మిగులుతుంది, అప్పుడూ ఊడుతుంది. సున్నాలూ వత్తులూ నిండిన మన లిపికి ఈ కష్టం మరీ ఎక్కువ.

వత్తు మూసుకుపోవడానికి వెలుగొక్కటే కారణం కాదు. కడగడం చాలకపోయినా, ఫ్యాను గాలికి ఇంకు మెష్‌లోనే ఆరిపోయినా కార్డు మీద కనబడేది అదే తప్పు. కొత్తవాళ్లం సరిగ్గా ఇక్కడే 'నా చేతికి ఈ పని రాదు' అని తేల్చేసుకుంటాం. నేనూ అనుకున్నాను. నా చేతిని అన్యాయంగా నిందించాను. మీరు ఏ పని నేర్చుకుంటున్నా, ఆ తీర్పు చెప్పుకునే ముందు ఒక్క అడుగు వెనక్కి వెళ్లి వెతకండి.

ఎలా వెతకాలో ఉస్తాదే చూపించారు. ఒకే స్క్రీన్ మీద అట్టముక్క అడ్డుపెట్టి, నిమిషానికోసారి జరుపుతూ, 2, 3, 4, 5 నిమిషాల పట్టీలు తీయించారు. కడిగి చూస్తే, వత్తు తెరుచుకుని పూత కూడా నిలిచిన పట్టీ ఒక్కటే. ఆ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలతో పాటు ఒక నోటుబుక్కు కొన్నాను. అందులో రాసుకునేవి ఇవి: తేదీ, వానో ఎండో, ఎన్ని నిమిషాలు, ఈసారి మార్చిన ఒకే ఒక్క సంగతి.

జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలయ్యాక ఒక స్టాల్‌కు గుడ్డసంచుల ఆర్డరు వచ్చింది. గుడ్డకు కార్డుల మెష్ పనికిరాదు, కళ్లు పెద్దవి కావాలి, పూత మందంగా పడుతుంది. పాత లెక్క చెల్లదు. కొత్త పేజీ తీసి, అట్టముక్క వెతుక్కున్నాను.