నైట్ షిఫ్టు మనిషికి అశ్వగంధ పనికొస్తుందా?

వారం వారం షిఫ్టు మారే ఒంటికి నిద్ర కుదరదు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల్లో పనిచేసేవారికీ, సిరిసిల్లలో రాత్రంతా మగ్గాల ముందు నిలబడేవారికీ ఇది చెప్పనక్కర్లేదు. ఇంట్లో చిరాకు, పనిలో ధ్యాస తప్పడం మొదలయ్యాక ఎవరో ఒకరు అశ్వగంధ వాడమంటారు. వాడొచ్చా?

కొంతవరకు ఆధారం ఉంది, అదీ మన హైదరాబాద్ నుంచే. ఒత్తిడితో ఉన్న 64 మందిపై ఆశా హాస్పిటల్ వైద్యులు చేసిన పరీక్ష 2012లో అచ్చయింది. సగం మందికి 300 మిల్లీగ్రాముల వేరు సారం రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి మందులేని గోలీ, 60 రోజుల పాటు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో వేసుకున్నవారికి తెలియదు. అశ్వగంధ వాడినవారిలో ఒత్తిడి స్పష్టంగా తగ్గింది, రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ సుమారు 28 శాతం దిగింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి బృందం 2014లో ప్రచురించిన మరో పరీక్షలో, 20 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లు 14 రోజులు వాడాక చురుకుగా స్పందించారు. రెండూ చిన్న పరీక్షలే. ఒత్తిడి విషయంలో నేను నమ్ముతాను, తెలివి పెంచుతుందన్న మాట మాత్రం ఇంత ఆధారంతో ఒప్పుకోను.

గనుల్లో సర్దార్, ఓవర్‌మన్ పరీక్షలకు చదివేవారు బ్రాహ్మి గురించి కూడా అడుగుతారు. చదివింది గుర్తుండటంలో కొంత మేలు కనిపించింది కానీ, చాలా పరీక్షల్లో అది 12 వారాలు వాడిన తర్వాతే. పరీక్ష ముందు వారం మొదలుపెడితే కడుపులో తిప్పడమే మిగలొచ్చు.

మళ్లీ అశ్వగంధకు వస్తే, పరీక్షించింది చిక్కటి సారాన్ని. అంగట్లో దొరికే చూర్ణం అదే బలంతో ఉండదు, కాబట్టి సీసా మీద వేరు సారమని, ఎన్ని మిల్లీగ్రాములని రాసి ఉందో చూడండి. కొందరికి మత్తుగా ఉంటుంది. అందుకే సెలవు రోజున మొదలుపెట్టండి, డంపర్ ఎక్కే ముందు మాత్రం వేసుకోవద్దు. రెండు నెలలకు ఆపి చూసుకోండి. థైరాయిడ్, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోవద్దు. షుగర్, బీపీ, నిద్ర గోలీలు వాడేవారు ఏరియా ఆసుపత్రిలో డాక్టర్‌కు సీసా చూపించి అడగాలి. కాలేయం దెబ్బతిన్న కేసులు అరుదుగా బయటపడ్డాయి, డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది కూడా. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే మానేసి ఆసుపత్రికి వెళ్లండి.

ఏ వేరూ నిద్రకు బదులు కాదు. షిఫ్టు సగం దాటాక చాయ్ మానండి. పొద్దున ఇంటికి రాగానే కిటికీకి దళసరి గుడ్డ కట్టి, ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి. ఇంట్లోవాళ్లు కూడా ఆ నాలుగైదు గంటల నిద్రను కాపాడాలి.

దిగులు రెండు వారాలు దాటినా, బతకాలని లేదనిపించినా గోలీల కోసం వెతకకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.