ఏడిపిస్తున్నది మా వాడే

ప్రశ్న: మా బాబు శంషాబాద్‌లో ఏడో తరగతి చదువుతున్నాడు. వాళ్ల క్లాసులో అస్సాం నుంచి వచ్చిన అబ్బాయి ఉన్నాడు. వాళ్ల నాన్నది ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని. మా వాడు, వాడి దోస్తులు కలిసి ఆ పిల్లవాణ్ని ‘చింకీ’, ‘చైనా’ అంటున్నారట. తెలుగు మాట్లాడబోతే వెక్కిరిస్తున్నారట. వారం నుంచి ఆ అబ్బాయి బడికి రావడం లేదని టీచర్ పిలిచి చెప్పారు. మావారేమో ‘పిల్లలన్నాక ఆటపట్టించుకోరా’ అంటున్నారు. నాకు మనసు ఊరుకోవడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, శంషాబాద్

జవాబు: మీ మనసు చెప్పిందే నిజమమ్మా. పిల్లవాడు బడి మానేసేదాకా వచ్చాక దాన్ని ఆట అనలేం. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ కుర్రాడు నిడో తానియా జుట్టు చూసి కొందరు ఎగతాళి చేశారు. అది గొడవైంది. దెబ్బలు తిన్న ఆ కుర్రాడు మర్నాడు చనిపోయాడు. ఈ సంగతి మీవారికి చెప్పండి.

బాబును కొట్టకండి. కొడితే దొరక్కుండా ఏడిపించడం నేర్చుకుంటాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ అబ్బాయిని ఏమేమన్నాడో వాడి నోటితోనే చెప్పించండి. ఆ మాటలు ఎక్కడ విన్నాడో అడగండి. ‘బిహారోళ్లు’, ‘నేపాలోళ్లు’ అంటూ ఇళ్లలో మనం చులకనగా మాట్లాడేవన్నీ పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక బతుకుదెరువు కోసం ఎక్కడెక్కడి వాళ్లో మీ ఊరికి వచ్చారు. మనవాళ్లు అక్కడే విమానమెక్కి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్తున్నారు. అక్కడి బడిలో మన పిల్లల రంగునో యాసనో వెక్కిరిస్తే మనకు కడుపు మండదా?

తర్వాత మీరిద్దరూ ఆ ఇంటికి వెళ్లి క్షమించమని అడగండి. మొదటిసారి బాబును తీసుకెళ్లొద్దు. అందరి ముందు ‘సారీ’ చెప్పిస్తే ఆ పిల్లవాడే మరింత ముడుచుకుపోతాడు. కలవాలా వద్దా అన్నది వాడి ఇష్టం.

హెడ్మాస్టరుకు కాగితం మీద రాసివ్వండి. పక్కన నిలబడి నవ్వినవాళ్లతోనూ టీచర్ మాట్లాడాలి. ఇంటర్వెల్‌లో, బడి వదిలే వేళ పెద్దవాళ్లెవరైనా కనిపెట్టి ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ఏ పిల్లవాణ్నీ మానసికంగా వేధించకూడదంటోంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యతను అదే చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. బడివాళ్లు పట్టించుకోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. తెలుగు సరిగా రాని ఆ తల్లిదండ్రులకు ఆ నంబరు తెలియకపోవచ్చు, మీరే రాసివ్వండి.

ఆ అబ్బాయికి వారం పాఠాలు పోయాయి. ఆ నోట్సు టీచర్ చేత ఇప్పించండి, ముందు తెలుగుది.