ఏం పిల్లడో ఎల్దమొస్తవ – తిరిగొచ్చిన ఒక పాట



జనం మరిచిపోయిన పాత బృందం ఒకే ఒక్క పాటతో మళ్లీ అందరి నోళ్లలో పడితే, దాన్ని 'కమ్‌బ్యాక్ హిట్' అంటారు. అమెరికాలో 1961లో మొదలైన 'బీచ్ బాయ్స్' అనే రాక్ బృందం ఇందుకు మంచి ఉదాహరణ. 1966లో వాళ్ల 'గుడ్ వైబ్రేషన్స్' పాట అక్కడి జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. మళ్లీ ఆ స్థానం దక్కడానికి 22 ఏళ్లు పట్టింది. 1988లో 'కాక్‌టెయిల్' సినిమా కోసం పాడిన 'కొకొమో' దాన్ని తెచ్చిపెట్టింది. పద, సముద్రంలో దీవులకు పోదాం అని పిలిచే పాట అది. చిత్రమేమిటంటే పాటలో చెప్పిన చోట కొకొమో అనే దీవే లేదు!

మన జిల్లాల్లో రాక్ బృందాలెక్కడివి అని నవ్వకండి. మనకు జముకు ఉంది. డొల్లకు ఒకవైపు తోలు బిగించి, మధ్యలోంచి తీగ లాగి మీటుతారు. శ్రీకాకుళ రైతాంగ పోరాట కాలంలో సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథనే ఊరూరా చెప్పారు. 1969 డిసెంబరులో ప్రాణాలు కోల్పోయారు. ఆ దారిలోనే వచ్చినవారు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. 1972లో ఏర్పడిన జన నాట్యమండలి వ్యవస్థాపకుల్లో ఒకరు. కాలికి గజ్జె కట్టి ఆడుతూ పాడేవారు.

ఆయన పాటల్లో అందరికీ తెలిసినది 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. ఈ పేరునే ఒక పాఠంగా చూద్దాం. పుస్తకాల భాషలో ఇది 'వెళ్దాం వస్తావా'. మన నోట మొదటి 'వె' కాస్తా 'ఎ' అయింది, 'ళ' పోయి 'ల' వచ్చింది, 'వస్తావా' కాస్తా 'ఒస్తవ' అయి ముందు మాటకు అతుక్కుంది. రెండు మాటలు ఒక్క ఊపులో వస్తాయి. గజ్జె కట్టి అడుగు వెయ్యాలంటే 'వెళ్దాం వస్తావా' అని ఆగి ఆగి చెబితే కుదరదు, అనుమానముంటే పాడి చూడండి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. పీజీలో చేరిన కొత్తలో నా నోట 'ఎల్తాను' అని వస్తే క్లాసంతా నవ్వింది. అదే మాట పాటలో వస్తే ఈలలు వేస్తారు మరి.

ఇంకో సంగతి గమనించండి. అది ఆజ్ఞ కాదు, ప్రశ్న. వస్తావా అని అడుగుతుంది. ఎక్కడికి? శ్రీకాకుళం కొండలకు. భూమి కోసం గిరిజనులు పోరాడిన కొండలవి, కొకొమోలాగ కల్పించినవి కావు.

2009 జులై 31న 'మగధీర' విడుదలైంది. అందులో 'జోర్‌సే' పాటలో ఈ పిలుపే వినిపిస్తుంది. ఉద్యమ సభలకు ఎన్నడూ వెళ్లని కుర్రకారు కూడా పెళ్లి ఊరేగింపుల్లో దానికి చిందులేశారు. అయితే సినిమాలోకి పిలుపు వచ్చింది గానీ కొండలు రాలేదు. ఎక్కడికి రమ్మంటున్నారో పోయి, అది నాయకుడూ నాయికా ఆడుకునే పాట అయింది. తన పాట మొదటి మాటలను అనుమతి లేకుండా వాడుకున్నారని వంగపండు బాహాటంగా అభ్యంతరం చెప్పారు. బీచ్ బాయ్స్ తిరిగొచ్చినప్పుడు వాళ్ల పేరుతోనే వచ్చారు. మన దగ్గర పాట తిరిగొచ్చింది, పాట కట్టినవాడు బయట నిలబడి నాది అని చెప్పుకోవాల్సి వచ్చింది. సినిమా వల్లే కదా పాట బతికింది అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అప్పటికే జనం నోట బతికి ఉంది గనకనే సినిమా దాన్ని వెతుక్కుంది.

2020 జనవరిలో 'అల వైకుంఠపురములో' సినిమాలో 'సిత్తరాల సిరపడు' వచ్చింది. చిత్రాలు మన నోట సిత్తరాలు అయిన మాటే అది. ఈసారి రాసిన విజయ్ కుమార్ భల్లా పేరు, పాడిన సూరన్న, సాకేత్ పేర్లు పాటతోపాటే జనానికి తెలిశాయి. అదే ఏడాది ఆగస్టు 4న వంగపండు పార్వతీపురంలో కన్నుమూశారు.