ఆకే విత్తనము

విత్తనము నాటిన మొక్క మొలచునని అందఱును ఎఱుగుదురు. కంది, జొన్న, ఆముదము మున్నగు పైరులన్నియు ఇట్లే వృద్ధి పొందుచున్నవి. కాని విత్తనముతో పనిలేకయే ఒక ఆకునుండియో, కాండపు ముక్కనుండియో, పిలకనుండియో క్రొత్త మొక్కను పుట్టించు మార్గము కూడ ప్రకృతియందు గలదు. చెఱకు ముచ్చెలను, అరటి పిలకలను నాటు రైతునకు ఈ మార్గము తరతరములుగా తెలిసినదే. పొలము లేని విద్యార్థియు దీనిని తన యింట పరీక్షించి చూడవచ్చును. ఒక మట్టికుండయు, పిడికెడు ఇసుకయు, కొంత ఓర్పును ఉన్న చాలును. ఇందులకు మిక్కిలి అనువైనవి రసభరితములైన మొక్కలు.

ఈ మొక్కలు మనకు క్రొత్తవి కావు. పెరటిలోని కలబంద, ఆకునుండి మొలకెత్తు రణపాల, కంచెలందు పెరుగు నాగజెముడు, పచ్చడికి పనికివచ్చు నల్లేరు, ఇవన్నియు ఈ కోవకు చెందినవే. వానలు కురిసినప్పుడు నీటిని ఆకులలోనో కాండములలోనో నిలువచేసికొని, వేసవిలో దానిని పొదుపుగా వాడుకొనుట వీని స్వభావము. గాదెనిండ గింజలున్న గృహస్థు కఱవునకు వెఱవనట్లు, ఇవి యెండకు వెఱవవు. పైచర్మముపై నుండు మైనమువంటి పూత నీటిని ఆవిరి కానీయదు.

వీని శ్వాసరంధ్రముల తీరు మఱింత వింతయైనది. తక్కిన మొక్కలు పగటివేళ ఆ రంధ్రములను తెఱచి గాలినుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించును. ఎండలో అట్లు తెఱచినచో లోపలి నీరు కూడ వెడలిపోవును. కావున రణపాల మున్నగునవి పగలు రంధ్రములను చాలవఱకు మూసికొని, రాత్రి తెఱచును. రాత్రి గ్రహించిన వాయువును ఒకవిధమైన ఆమ్లముగా మార్చి దాచుకొని, మఱునాడు సూర్యరశ్మి సాయమున ఆహారముగా మార్చుకొనును. అందుచే ఈ ఆకు ఉదయమున పుల్లగా నుండి, మధ్యాహ్నమునకు రుచి మాఱిపోవును. ఈ సంగతిని లోకమునకు తెలిపిన వారిలో బెంజమిన్ హెయిన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ప్రముఖుడు. రాక్స్‌బర్గు తరువాత సామర్లకోటలోని వృక్షోద్యానమును చూచుకొన్న పండితు డితడే. రణపాల ఆకును వేఱువేఱు వేళల రుచి చూచి అతడు వ్రాసిన లేఖ 1815లో లండనులో ప్రకటింపబడెను. అతని రుచి చూచిన పద్ధతిని మాత్రము విద్యార్థులు అనుసరింపరాదు. రణపాల యందు పశువులకు హాని చేయు పదార్థములు గలవు.

ఈ మొక్కలను పెంచుటలో మొదట గ్రహింపవలసిన సూత్ర మొక్కటి గలదు. కోసిన ముక్కను వెంటనే తడిమట్టిలో నాటరాదు. కోసినచోట పచ్చిగాయ మేర్పడును. తడి తగిలినచో బూజులును సూక్ష్మక్రిములును ఆ గాయము గుండ లోపల ప్రవేశించి ముక్కను కుళ్ళజేయును. గాలి తగులు నీడలో ఆఱబెట్టినచో గాయముపై బెరడువంటి పొర యేర్పడి లోపలి భాగమును కాపాడును. పలుచని ముక్కకు రెండు మూడు దినములు చాలును. దళసరి ముక్కకు వారము, ఒక్కొక్కప్పుడు రెండు వారములు పట్టును. గులాబికొమ్మను అన్నిదినములు ఎండనిచ్చినచో చచ్చిపోవును. ఈ మొక్కలకో, తమ నీరు తమలోనే యున్నది. ఎక్కువ నీరు పోయుటయే మొక్కపై ప్రేమ యని తలచువారి చేతిలో ఇవి నశించుట తఱచు.

ఈ విద్యను రణపాలతో ఆరంభించుట మేలు. దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. ముదిరిన యాకు అంచున చిన్నచిన్న నొక్కులు కనబడును. ప్రతి నొక్కునందును ఒక మొక్కకు మూలమైన మొగ్గ నిద్రించుచుండును. ఆకు చెట్టునంటియున్నంత కాలము అది సాధారణముగ మేల్కొనదు. ఆకును త్రుంచి తేమగల ఇసుకపై పఱచియుంచినచో, కొన్ని దినములకు నొక్కులనుండి సన్నని వేళ్ళును, వాని వెంట జంటయాకులును పొడసూపును. పిల్లమొక్కలు పెరిగినకొలది తల్లియాకు ముడుతలు పడి వాడిపోవును. తాను దాచుకొన్న నీటిని, ఆహారమును వానికి పంచియిచ్చుటయే దానికి కారణము. కావున ఆకు వాడినదని తొందరపడి తీసివేయరాదు. పిల్లమొక్కలు నాలుగైదాకులు వేసిన తరువాత విడదీసి వేఱుకుండలలో నాటవలెను. జర్మను మహాకవి గేటే ఈ మొక్కను ఎంతయు ప్రేమించి, దాని పిల్లలను మిత్రులకు కానుకగా పంపెడివాడు.

కలబంద విషయము వేఱు. రణపాలవలె దీని యాకును నాటిన ఫలము లేదు. ఆకు సాధారణముగ వేరు పట్టక కుళ్ళిపోవును. తల్లిమొక్క మొదట పుట్టు పిలకలే దీనికి విత్తనములు. పిలక జేనెడు ఎదిగిన పిమ్మట, చుట్టునున్న మన్ను వదులుచేసి, సొంతవేళ్ళతో కూడ దానిని వేఱుచేయవలెను. గాయమును రెండుమూడు దినములు ఆఱనిచ్చి నాటవలెను. మెక్సికో దేశపు ఎచెవేరియా మఱొక తీరుది. విచ్చిన తామరవలె ఆకులను పఱచుకొను ఈ మొక్క యొక్క ఆకును మొదలు చెడకుండ, అటునిటు మెల్లగా కదిపి ఊడదీయవలెను. క్రొత్తమొక్క పుట్టునది ఆ మొదటి యందే. అది కాండమునందే నిలిచిపోయినచో ఆకు వేరు వేసినను మొక్క కాదు.

నల్లేరును కణుపులతో కూడ కోయవలెను. కణుపున్నచోటనే వేరును చిగురును పుట్టును. నాగజెముడు పట్టను కీలువద్ద వేఱుచేసి, బాగుగా ఆఱిన పిదప మూడవవంతు మంటిలో దిగునట్లు నాటవలెను. పెద్దముండ్ల కంటె, వాని మొదట కుచ్చులుగా నుండు సన్నని నూగుముండ్లు ప్రమాదకరములు. అవి చేతిలో విఱిగి బాధించును గనుక పటకారుతో గాని, దళసరి కాగితపు మడతతో గాని పట్టుకొనవలెను. కాడజెముడు పాలు కంటిలో పడినచో మిక్కిలి హాని కలుగును. పెద్దల సాయము లేక పిల్లలు దానిని కోయరాదు.

కుండకు అడుగున రంధ్రముండవలెను. దానిపై పెంకుముక్కల నుంచి, ఎఱ్ఱమన్ను, ముతకయిసుక సమభాగములుగా కలిపి, బాగుగా మాగిన పశువుల ఎరువు కొద్దిగా చేర్చి నింపవలెను. నాటిన వెంటనే నీరు పోయక కొన్ని దినములు ఆగవలెను. తరువాత మన్ను లోపలివఱకు ఆఱినప్పుడే తడుపవలెను. వానకాలమున కుండను చూరుక్రింద నుంచుట మంచిది. లేతమొక్కలకు ఉదయపుటెండ చాలును.

ఇట్లు పుట్టిన మొక్క గుణములన్నిటను తల్లిని పోలియుండును. అందమైన మొక్క యొక్కటి యున్న, అట్టివి నూఱు చేసికొనవచ్చును. కాని ఒక ముక్క పడినచోట నొక మొక్క లేచు శక్తి మేలునకే గాక కీడునకును కారణము కాగలదు. నాగజెముడు చరిత్రయే యిందులకు నిదర్శనము.

నాగజెముడు అమెరికా ఖండమునకు చెందినది. దానిపై బ్రదుకు కోచినీలు అను పురుగునుండి విలువైన ఎఱ్ఱరంగు లభించును. ఆ రంగునకై 18వ శతాబ్ది చివర మదరాసులో నాగజెముడు తోటను పెంచిరి. రంగు పరిశ్రమ నిలువలేదు. నాగజెముడు మాత్రము నిలిచెను. దక్షిణదేశమున అది కంచెలు దాటి బంజరులను, పొలములను ఆక్రమించెను. నఱికిన ప్రతిముక్కయు మఱల వేరూనెను. తుదకు 1926లో సింహళము నుండి కోచినీలు జాతికే చెందిన మఱొక పురుగును తెచ్చి వదలగా, అది నాగజెముడును తిని చాలవఱకు అణచెను. ఆస్ట్రేలియాలో ఈ బాధ మఱింత ఘోరమయ్యెను. 1920ల నడుమకు అచ్చట సుమారు ఆఱుకోట్ల ఎకరముల నేలను నాగజెముడు క్రమ్ముకొనెను. రైతులు ఇండ్లు విడిచి పోయిరి. అర్జెంటీనా నుండి 1925లో తెచ్చిన కాక్టోబ్లాస్టిస్ అను చిమ్మట యొక్క గొంగళిపురుగులు కొద్ది సంవత్సరములలో దానిని తొలచి కూల్చినవి. బూనార్గా అను గ్రామమున ఆ పురుగు పేర ఒక స్మారక మందిరమును 1936లో తెఱచిరి. మొదట ఒక ముక్కను పెఱికి పారవేసిన పోవుదానికి కోట్ల ఎకరముల నేల బలియయ్యెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని పెద్దలు చెప్పినది ఇందుకే.

కావున మొక్కను పెంచు విద్యతోపాటు దానికి హద్దు నిర్ణయించు వివేకమును అలవఱచుకొనవలెను. మిగిలిన ముక్కలను కాలువగట్లపైనను, బంజరులందును పారవేయక, పూర్తిగా ఎండబెట్టి నాశము చేయవలెను. ఎక్కువైన పిలకలను తోడి విద్యార్థులకు, వానిని పెంచు పద్ధతితో కూడ, పంచి యీయవలెను. తల్లియాకు తన రసమును పిల్లలకు పంచినట్లే, తెలిసిన విద్యను ఇతరులకు పంచుట విద్యార్థికి శోభనిచ్చును.

ప్రశ్నలు

1. రణపాల ఆకు ఉదయమున పుల్లగా నుండుటకు కారణమేమి?
2. కోసిన ముక్కను నాటుటకు ముందు ఏల ఆఱబెట్టవలెను?
3. కలబందను, రణపాలను పెంచు పద్ధతులలోని భేదమును తెలుపుము.
4. నాగజెముడు చరిత్ర వలన నేర్చుకొనదగిన నీతి యేమి?