ప్లస్ వన్ పుస్తకం ఎక్కడ పెట్టారు?



స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. "సార్, మావాడు ఇంజనీరింగ్ ఎంట్రన్సు రాస్తానంటున్నాడు, ఏ కోచింగులో చేర్చమంటారు?" నేను తిరిగి ఇంకొకటి అడుగుతాను. "బాబు ప్లస్ వన్ పుస్తకాలు ఇంట్లో ఉన్నాయా?" చాలా ఇళ్ళలో అవి అప్పటికే పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్ళిపోయి ఉంటాయి.

ముందు మన రాష్ట్రంలో ఉన్న దారులు చెబుతాను. 1984 నుంచి 2006 వరకు తమిళనాడుకు సొంత ప్రవేశ పరీక్ష ఉండేది. ప్లస్ టు మార్కులు 200కు, ఎంట్రన్సు 100కు కలిపి 300కు ర్యాంకు కట్టేవారు. 2007 ప్రవేశాల నుంచి ఆ పరీక్ష పోయింది. ఇప్పుడు లెక్కలకు 100, ఫిజిక్సుకు 50, కెమిస్ట్రీకి 50, మొత్తం 200 కటాఫ్. కోయంబత్తూరు జి.సి.టి., పి.ఎస్.జి. టెక్, సి.ఐ.టి., మదురై త్యాగరాజర్ కళాశాలల్లో ప్రభుత్వ కౌన్సెలింగు సీట్లన్నీ ఈ కటాఫ్ మీదే. తిరుచ్చి ఎన్.ఐ.టి. వంటివాటికి మాత్రం జె.ఇ.ఇ. మెయిన్ రాయాలి. ఐ.ఐ.టి.లకు మెయిన్ తరువాత అడ్వాన్స్‌డ్ కూడా రాయాలి.

కౌన్సెలింగుకు ప్లస్ టు మార్కులు చాలు కనుక, కొన్ని బడులు ప్లస్ వన్‌లోనే ప్లస్ టు పాఠాలు మొదలుపెట్టి రెండేళ్ళు అవే రుబ్బించేవి. దీన్ని ఆపడానికే 2017-18లో ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టారు. 2025-26 నుంచి దాన్ని మళ్ళీ తీసేశారు. పిల్లల భారం తగ్గింది, సంతోషమే. కానీ జె.ఇ.ఇ. సిలబస్‌లో సుమారు సగం ప్లస్ వన్ పాఠాలే. ఆ సగం రానివాడు పరుగు పందెంలో ఒంటికాలితో నిలబడినట్టే.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మేనల్లుడు 2011లో మదురైలో ప్లస్ టు పాసయ్యాడు. కటాఫ్ 195 దాటింది. ఊళ్ళోనే మంచి ఎయిడెడ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చింది. నేనే మా చెల్లెలితో అన్నాను, "లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాడమ్మా, ఒక్క ఏడాది ఆగితే ఎన్.ఐ.టి. వస్తుంది" అని. ఆవిడ నా మాట మీద గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. మూడు నెలల తరువాత వాడు ఫోన్ చేశాడు. "మామా, ఇక్కడ అందరికీ తెలిసిన పాఠాలు నాకు కొత్తగా ఉన్నాయి. మా బడిలో వీటిని చెప్పనే లేదు." కోచింగులో ఎవరి కోసమూ ఆగరు గదా. 2012 ఏ.ఐ.ఇ.ఇ.ఇ.లో ర్యాంకు చాలలేదు. ఆ ఏడాది కౌన్సెలింగులో అదే కటాఫుకు పాత కళాశాల కూడా దొరకలేదు. చెల్లెలు నన్ను ఒక్క మాటా అనలేదు. లెక్కల మాస్టారినై ఉండి, వాడి నూరు మార్కులు చూసి మురిసిపోయానేగాని, ప్లస్ వన్ నోటుపుస్తకం ఒక్కసారి తెరిచి చూడలేదు.

తేడా ఎక్కడుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్లస్ వన్ ఫిజిక్సులో, విసిరిన వస్తువు ఎంత దూరంలో పడుతుందో చెప్పే సూత్రం ఉంది. వేగం వర్గాన్ని సైన్ రెండు తీటాతో గుణించి, గురుత్వ త్వరణంతో భాగించాలి. బడి పరీక్షలో ఈ సూత్రం రాబట్టమంటారు, బట్టీ పట్టినా మార్కులు వస్తాయి. ఎంట్రన్సులో ఇలా అడుగుతారు: బంతిని ఒకే వేగంతో ఒకసారి 30 డిగ్రీల కోణంలో, ఇంకోసారి 60 డిగ్రీల కోణంలో విసిరితే దూరాల నిష్పత్తి ఎంత, గరిష్ఠ ఎత్తుల నిష్పత్తి ఎంత? వేగం ఇవ్వలేదని కంగారుపడకండి. సైన్ 60, సైన్ 120 రెండూ ఒకటే గనుక దూరాలు సమానం. ఎత్తు సైన్ తీటా వర్గాన్ని బట్టి ఉంటుంది. మొదటిదానికి నాలుగింట ఒకటి, రెండోదానికి నాలుగింట మూడు, అంటే 1:3. అర నిమిషం పని. అయితే ఇందులో ఫిజిక్సు ఎంత ఉందో ప్లస్ వన్ త్రికోణమితీ అంత ఉంది. ప్రతి సూత్రం కింద "ఇందులో ఏది మారితే ఏది మారుతుంది?" అని రాసుకుని జవాబు వెతకండి. పది టెస్టుల కన్నా అది మేలు.

పరీక్షలో 75 ప్రశ్నలకు 180 నిమిషాలు, ఒక్కోదానికి 2 నిమిషాల 24 సెకన్లు. ఒప్పుకు 4, తప్పుకు ఒక మార్కు కోత. "తెలియకపోతే ముట్టుకోవద్దు" అని అందరూ చెబుతారు, నేను పూర్తిగా ఒప్పుకోను. నాలుగు జవాబుల్లో రెండింటిని కొట్టివేయగలిగితే, అటువంటి పది ప్రశ్నల్లో సగటున ఐదు ఒప్పు, ఐదు తప్పు: 20లో 5 పోయి 15 మిగులుతాయి. ఏమీ తెలియకుండా పదీ గుడ్డిగా పెడితే, రెండు తగిలినా ఎనిమిదిలో ఎనిమిది పోయి సున్నా. జవాబును అంకెల్లో రాసే ప్రశ్నలకు ఊహ పనికిరాదు, కోత మాత్రం వాటికీ ఉంది.

తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన సంగతి. ఈ పేజీని తాతయ్యో నాయనమ్మో చదివి వినిపించే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి, వాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి. విజయవాడలో బంధువులున్నారు గదా అని పిల్లల్ని ఇంటర్‌కు అక్కడి హాస్టళ్ళకు పంపేవారున్నారు. ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. ఆ సొంత రాష్ట్రం పుట్టిన ఊరిని బట్టి కాదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో రాశారన్నదాన్ని బట్టి. అక్కడ ఇంటర్ రాసిన పిల్లవాడికి తిరుచ్చిలో తమిళనాడు కోటా పోతుంది, తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లో ఆంధ్ర కోటా వస్తుంది. మన కౌన్సెలింగుకు కూడా నేటివిటీ సర్టిఫికెట్ చూపాలి. ఇవన్నీ తెలిసి పంపితే తప్పు లేదు. ఆరు నుంచి పన్నెండు దాకా ఇక్కడి ప్రభుత్వ బడిలో చదివినవారికి 7.5 శాతం ప్రత్యేక కేటాయింపు, ఫీజు మినహాయింపు 2021 నుంచి ఉన్నాయి. మధ్యలో బడి మారిస్తే అదీ పోతుంది.

తమిళ మీడియం పిల్లలు మెయిన్‌ను తమిళంలో రాయవచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది.

మెయిన్ మొదటి విడత జనవరిలో. అంటే ప్లస్ వన్ పాఠాలు దసరాకల్లా ఒకసారి తిరగవేసి ఉండాలి. నా ఆదివారం క్లాసుకు వచ్చేవారు ప్లస్ వన్ లెక్కల, ఫిజిక్సు పుస్తకాలు వెంట తెచ్చుకోండి. అన్నలవీ అక్కలవీ అయినా ఫరవాలేదు, కానీ 2018లో సిలబస్ మారింది గనుక ఆ తరువాత అచ్చయినవే కావాలి.